వంగితే రాయే

ముప్పై ఒక్క ఏండ్లు తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాక ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో నాకు కొత్త పేరొచ్చింది. సర్కస్ సారు. మా కల్లంలో చింతచెట్టు కింద ఒక పాత లారీ టైరు, రెండు సిమెంటు తూములు, పన్నెండు వెదురు బొంగులు, ఇటుకల మీద ఆనించిన నాలుగు అడ్డకర్రలు ఉంటాయి. పొద్దున ఆరింటికి వాటి మధ్య ఒక ముసలాయనా ఒక ఎర్రకుక్కా ఉరుకుతుంటారు. పత్తి ఏరబోయే ఆడవాళ్ళు గట్టు మీద కాసేపు నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ పోతారు. "బళ్ళె పిల్లలకు చెప్పినట్లే చెప్తున్నవా సారూ?" అని ఒకామె అడిగింది. పిల్లలకు చెప్పినట్టే చెప్పి ఉంటే ఈ కుక్క ఎప్పుడో పొచ్చెర దాటిపోయేది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

ఈ ఆటను ఇంగ్లిష్‌లో అజిలిటీ అంటారు. తెలుగు పండితుణ్ణి కాబట్టి ఊరుకోలేక మాట కోసం నిఘంటువులు తిరగేశాను. చురుకుదనం, చలాకీతనం, లాఘవం. అన్నీ గుణాల పేర్లే గాని ఆట పేరు ఒక్కటీ లేదు. అయినా కుక్కల విషయంలో మన భాష మొదటినుంచీ కొంచెం ఎగుడుదిగుడే. వీధిలో ఉంటే కుక్క. అదే పోలీసుల దగ్గర చేరితే మర్నాటి పేపర్లో జాగిలం. హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లో మన పోలీసులకు శిక్షణ అకాడమీ ఉంది, అక్కడ కుక్కలకూ వాటిని నడిపే కానిస్టేబుళ్ళకూ కలిపి పాఠం చెప్తారు. కుక్క ఒక్కదానికే నేర్పి ఎవరి చేతిలోనో పెట్టరు. ఇది విన్నప్పుడు ఖర్చు దండగ అనుకున్నాను. ఎందుకలా చేస్తారో తరవాత తెలిసింది.

ఆట పుట్టిన కథ చెప్పుకోదగ్గదే. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శన జరిగింది. ఒక పోటీకీ ఇంకో పోటీకీ మధ్య జనం లేచిపోకుండా ఏదైనా వేడుక పెట్టాలని జాన్ వార్లీ అనే నిర్వాహకుడికి తోచింది. పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుణ్ణి కలుపుకుని, గుర్రాలు అడ్డంకులు దూకే పోటీని కుక్కల కొలతకు కుదించాడు. అంటే చిందు భాగోతంలో వేషాలు కట్టుకునే దాకా బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్వించి పోతాడే, అలాంటిదన్నమాట. బుడ్డర్‌ఖానే బాగున్నాడని జనం పట్టుబట్టారు. 1980 కల్లా అక్కడి కెన్నెల్ క్లబ్బు దానికి రూళ్ళు రాసి అధికారికం చేసింది.

నేను దీన్ని మొదట చూసింది అమెరికాలో, డాలస్ పక్క ఫ్రిస్కోలో, మా బిడ్డ వాళ్ళింటికి పోయినప్పుడు. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, గుడికి పోతే చెప్పులు వెతుక్కోవడానికి బోథ్ అంగడిలో కన్నా ఎక్కువ సేపు పడుతుంది. మనవరాలికి పదమూడేండ్లు. అనాథ కుక్కల ఆశ్రమం నుంచి ఒక నల్లకుక్కను తెచ్చుకుంది. ఏ జాతో ఎవరికీ తెలియదు. అక్కడి అమెరికన్ కెన్నెల్ క్లబ్బు 1994లో అజిలిటీ పోటీలు మొదలుపెట్టినా, జాతి కుక్కలను తప్ప బరిలోకి రానిచ్చేది కాదు. కలగలుపు కుక్కలకు తలుపు తెరిచింది 2010లో. మనవరాలి నల్లకుక్క ఆ తలుపులోంచి దూరినదే.

వారానికి రెండు సాయంత్రాలు శిక్షణ. ఊరి చివర రేకుల షెడ్డు. మా దిక్కు జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్ప పోసే షెడ్డంత ఉంటుంది. లోపల కృత్రిమ గడ్డి పరిచి అడ్డంకులన్నీ పెట్టారు. దూకే కర్రలు, దూరిపోయే సొరంగం, వేలాడే టైరు, ఇంటికప్పులాగా ఎక్కి దిగే పలకలు, సన్నటి వంతెన, ఒక పక్క ఎక్కితే ఇంకో పక్క దభీమని వాలే ఊగుడుపలక, పాముమెలికలు తిరుగుతూ పోవాల్సిన కర్రల వరస. ఎక్కి దిగే పలకల చివర రంగు వేసి ఉంటుంది, దిగేటప్పుడు కుక్క పాదం ఆ రంగు మీద పడి తీరాలి. పైనుంచి దూకేస్తే తప్పు. మెలికల కర్రల్లోకి దూరేటప్పుడు మొదటి కర్ర కుక్క ఎడమ భుజం పక్కన ఉండాలి. అడ్డకర్ర కింద పడితే ఆ పరుగు లెక్కలోకి రాదు. కుక్కను ముట్టుకోకూడదు, బరిలో తిండి చూపకూడదు. అడ్డంకుల వరస ప్రతి పోటీకీ మారుతుంది. పోటీకి ముందు మనుషులను మాత్రం కొన్ని నిమిషాలు లోపలికి వదులుతారు, కుక్కలు లేకుండా. పాతిక ముప్పైమంది పెద్దవాళ్ళు, అందులో నా ఈడు ఆడవాళ్ళూ ఉన్నారు, పక్కన లేని కుక్కకు చెయ్యి చూపిస్తూ, గిర్రున తిరుగుతూ, తమలో తాము గొణుక్కుంటూ నడుస్తున్నారు. గుడిలో ప్రదక్షిణలని చెప్తే మా ఆవిడ నమ్మేది.

ఒకరోజు శిక్షకురాలు మనవరాలితో ఏదో అంది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. ఏందమ్మా అని అడిగితే, "నోరు తెరవకుండా కుక్కను నడపమంటుంది తాతా" అంది. ఒక్క మాట అనకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. పిల్ల పెదవులు బిగించి ఉరికింది. కుక్క ఒక్క అడ్డంకీ తప్పలేదు. సరే, ఇప్పుడు కదలకుండా నిలబడి మాటలతోనే నడపమంది ఆమె. పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, "దూకు, సొరంగం, కుడికి, ఎడమకి" అని గొంతు చించుకుంది. కుక్క రెండు కర్రలు దూకి, వెనక్కి వచ్చి, ఎదురుగా కూర్చుని పిల్ల మొహంలోకి చూసింది. శిక్షకురాలు నేల మీద మనవరాలి బూట్లు చూపించి చెప్పిన మాట పిల్ల నాకు తెలుగు చేసి చెప్పింది: నీ బూటు ముక్కు ఎటు తిరిగితే కుక్క అటు పోతుంది, నీ నోరు ఏం చెప్తుందో దానికి తరవాతి సంగతి.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నోటితోనే బతికిన మనిషిని.

మోతీ సంగతికి వస్తాను. బస్టాండు హోటలు దగ్గర తిరిగే ఎర్రకుక్క. వెనక కాలి మీద పాత మచ్చ ఒకటి ఉంది. అమెరికా నుంచి వచ్చాక ఒకనాడు జొన్నరొట్టె ముక్క వేస్తే ఇంటిదాకా వచ్చింది, తిరిగి పోలేదు. వాడకట్టు మొత్తానికీ అది తెలుసు. నేను తెలుగులో పిలుస్తాను, పక్కింటివాళ్ళు మరాఠీలో, పాలుపోసే లంబాడామె లంబాడీలో, కిరాణా దుకాణం సాయిబు ఉర్దూలో. గూడేల నుంచి అంగడికి వచ్చే గోండులు "నై" అంటారు, కుక్కకు గోండి మాట అదే. అన్నిటికీ అది తోక ఊపుతుంది. బోథ్ మనుషులకు ఈ అయిదు భాషలు పట్టుబడడానికి ఒక జన్మ చాలదు.

కల్లంలో తొలిరోజు అడ్డకర్రను జానెడు ఎత్తులో పెట్టాను. అవతల నిలబడి రొట్టె చూపిస్తే గెంతింది. రెండోసారి వెనకకాలు తగిలి కర్ర కింద పడింది. ఎత్తి పెడదామని వంగాను. లేచి చూస్తే కల్లంలో మోతీ లేదు. పత్తిచేను అవతల గట్టు మీద నిలబడి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నా వైపే చూస్తుంది. పిలిచాను. రొట్టె చూపించాను. పొద్దెక్కేదాకా రాలేదు. కర్ర పడ్డ చప్పుడుకు బెదిరింది కాబోలు అనుకున్నాను. రెండోరోజు కర్ర కింద గోనెసంచి పరిచాను, చప్పుడు కాకుండా. కర్ర పడింది, చప్పుడు కాలేదు, నేను వంగాను, మోతీ పోయింది.

మూడోరోజు మేకలు తోలుకుపోతున్న ముసలాయన గట్టు మీద ఆగి తతంగమంతా చూశాడు. ఆయన బడి మొహం చూసినవాడు కాదు. బీడీ వెలిగించుకుని అన్నాడు: "మీరు వంగుతుండ్రు గద సారూ. మన దగ్గర మనిషి వంగితే రాయే."

ఫ్రిస్కోలో కర్ర పడితే మనవరాలూ వంగేది. ఆమె వంగగానే నల్లకుక్క ఉరికొచ్చి మొహం నాకేది. వంగడం ఒక్కటే, అర్థాలు రెండు. ఇక్కడి కుక్క చూపును తప్పుపట్టడానికి లేదు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర అనే శాస్త్రవేత్త బృందం మన దేశపు వీధికుక్కల మీదే ఒక పరీక్ష చేసి 2020లో ప్రచురించింది. రెండు మూతపెట్టిన గిన్నెలు ఉంచి, ఒకదాని వైపు మనిషి చెయ్యి చూపిస్తాడు. 160 కుక్కలను పరీక్షించారు. దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో నూటికి ఎనభై మాత్రం చెయ్యి చూపిన గిన్నె దగ్గరికే పోయాయి, ఎవరూ ఏ శిక్షణా ఇవ్వకుండానే. పేపర్లవాళ్ళు ఆ ఎనభైని మెచ్చుకున్నారు. నాకు మాత్రం దగ్గరికి రాని సగం మీదే మనసు పోయింది. రాకపోవడం తెలివితక్కువతనం కాదు కదా. మనుషులను అవి అంతకుముందే చదివేసి ఉంటాయి.

బెర్లిన్‌లో ఇలాంటి చదువరి ఒకటి ఉండేది, కాకపోతే గుర్రం. పేరు హాన్స్. దాని యజమాని విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ లెక్కల పంతులు. ఆయన కూడికలు, తీసివేతలు చెప్తే గుర్రం గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దపెద్దవాళ్ళంతా ఒక కమిటీగా కూర్చుని చూసి మోసమేమీ లేదని తేల్చారు. నిజంగానే మోసం లేదు. తరవాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న మార్పు చేశాడు. ప్రశ్న అడిగేవాడికే జవాబు తెలియకుండా చేశాడు. గుర్రం తప్పింది. అడిగేవాడు గుర్రానికి కనబడకుండా చేశాడు. మళ్ళీ తప్పింది. సంగతి ఏమిటంటే, తట్టడం సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే వెంట్రుకవాసి పైకి లేచేది. గుర్రం అది పట్టి ఆగిపోయేది. ఇంకా పెద్ద విడ్డూరం, ఈ రహస్యం తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తలను ఆపుకోలేకపోయాడట. పాపం ఆ లెక్కల పంతులు మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. నేను ఆయన బాధను అర్థం చేసుకోగలను. నాలుగేండ్లు గుర్రానికి లెక్కలు చెప్పాననుకున్న మనిషికి, గుర్రం నేర్చుకుంది లెక్కలు కాదు, నిన్ను, అని చెప్తే ఎలా ఉంటుంది?

నేను ఉద్యోగంలో చేరింది 1988లో. గూడేల మధ్య బడి. తరగతిలో సగానికి పైగా గోండు, కొలాం పిల్లలు. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడి వచ్చి, నా ముందు కూర్చుని, కందపద్యం గణాలు వినేవాళ్ళు. ఈ ప్రాంతానికి ఇది కొత్త సమస్యేం కాదు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్ళుగా తయారుచేసే కేంద్రం పెట్టించి, గోండి వాచకాలు దేవనాగరి అక్షరాల్లో రాయించాడు. నేను చేరేనాటికే అది నలభై ఐదేండ్ల నాటి ముచ్చట. పుస్తకంలో చదివాను, శభాష్ అనుకున్నాను, మర్నాడు బడికి పోయి గణవిభజనే చెప్పాను. పద్యం అయ్యాక "అర్థమైందా?" అని అడిగేవాణ్ణి. తలలన్నీ ఒక్కసారి ఊగేవి. నా పాఠం మీద నాకు అపారమైన నమ్మకం కలిగేది. హాన్స్ కథ చదివాక అద్దం ముందు నిలబడి "అర్థమైందా?" అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఆ మాటతోపాటు నా తల కిందికి ఊగుతుంది. ముందు నాది ఊగితే, వెనక వాళ్ళవి ఊగాయన్నమాట, ముప్పై ఏండ్లు.

సుమతీ శతకంలో కుక్కను బంగారు సింహాసనం ఎక్కించే పద్యం ఒకటి ఉంది, ఎక్కించినా దాని బుద్ధి మారదని. ఏటా చెప్పేవాణ్ణి. బాగా చెప్పేవాణ్ణి కూడా.

టైరు సంగతి చెప్పలేదు. కల్లంలో వేలాడుతున్న లారీ టైరు నా పాత విద్యార్థి ఇచ్చింది. అతనిది పంక్చర్ల దుకాణం. వెనక బెంచీ కొలాం పిల్లవాడు, ఇప్పుడు నలభై దాటాయి. డబ్బు తీసుకోనన్నాడు. టైరు బండికి కడుతూ నవ్వి, "తెలుగు గంటల మీరు చెప్పింది ఒక్కటి సమజ్ గాలే సార్," అన్నాడు. "మీరు సుద్ద కింద పెడితె మాత్రం సమజయ్యేది."

నాకు సమజ్ కాలేదు. బండి మీద వస్తుంటే, దారి మధ్యలో గుర్తొచ్చింది. బెత్తం అందుకునే ముందు సుద్దముక్కను బల్ల అంచున పెట్టేవాణ్ణి, పద్ధతిగా, దొర్లిపోకుండా. నేనలా పెడుతున్నట్టు నాకే తెలియదు. వెనక బెంచీలో వాడి భుజాలు అప్పటికే చెవుల దాకా ముడుచుకునేవి. 'ఇంకా కొట్టందే ఎందుకురా బెదురు?' అని దానికి అదనంగా ఇంకో దెబ్బ వేసిన రోజు కూడా ఉంది. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి బెత్తం అటకెక్కింది. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది గాని, అది కింద పెట్టినప్పుడల్లా గదిలో ఏమయ్యేదో నేను ఎన్నడూ తలెత్తి చూడలేదు.

బండి ఆపి, అతని దగ్గరికి తిరిగిపోయి ఏదో అనాలనిపించింది. పోలేదు. ఏమనాలి? మాటలే కదా.

మోతీకి మెలికల కర్రలు నేర్పడానికి రెండు నెలలు పట్టింది. పన్నెండు బొంగులను రెండడుగులకొకటిగా, ముందు రెండు వరసలు చేసి, మధ్యలో దారి విడిచి పాతాలి. కుక్క ఆ దారిలో నేరుగా ఉరుకుతుంది. తరవాత రోజుకు వేలెడు చొప్పున వరసలను దగ్గరికి జరపాలి. దారి సన్నబడేకొద్దీ కుక్క నడుము తనంతట తానే ఒంపు తిరుగుతుంది. చివరికి రెండు వరసలూ ఒకటవుతాయి. ఎక్కడ కష్టం మొదలైందో కుక్కకు తెలియనే తెలియదు. వ్యాకరణం ఇలా చెప్పొచ్చునని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణో లేదో.

మిగతాదంతా నా ఒంటికి జరిగిన శిక్షణ. కుడికి పొమ్మని చెయ్యి చూపిస్తూ ఎడమ భుజం ముందుకు తోస్తాను. మోతీ ఎడమకే పోతుంది. తిట్టబోతాను. నా చెప్పుల వైపు చూసుకుంటాను. రెండూ ఎడమకే ఉంటాయి. చెయ్యి విసురుగా పైకి లేస్తే దాని చెవులు వెనక్కి పడతాయి కాబట్టి, చేతిని తొడ పక్కనుంచి మెల్లగా జార్చి చూపించడం అలవాటు చేసుకున్నాను. మా ఆవిడ అరుగు మీద కూర్చుని అన్నీ గమనిస్తూ ఉంటుంది. "నలభై ఏండ్ల కాపురంల నాతోటి ఒక్కనాడన్న గంత నెమ్మదిగ చెయ్యి ఊపినవా?" అంది ఒకరోజు. జవాబు చెప్పకుండా సొరంగం దగ్గరికి పోయాను.

దసరా సెలవుల్లో వాడకట్టు పిల్లలు పోటీ పెట్టారు. నాలుగు కుక్కలు, ఒక సెల్‌ఫోను గడియారం, బహుమతి ఉడకబెట్టిన గుడ్డు. రూళ్ళు నేనే రాసిచ్చాను, నున్నటి తెలుగులో. మేకలాయన కుక్క ఒక్క అడ్డంకీ ముట్టకుండా, సూటిగా గీత దాటి, గుడ్డు ఉన్న గిన్నెలో మూతి పెట్టింది. రూళ్ళ ప్రకారం అది పోటీలోనే లేదు. పిల్లలు మాత్రం ఏకగ్రీవంగా అదే గెలిచిందన్నారు. అందరికన్నా ముందు వచ్చింది కదా సారూ! మోతీ రెండో స్థానం. ఒక్కచోటే తప్పు, మూడో అడ్డకర్ర పడింది.

పడగానే పిల్లలంతా నా వైపు చూశారు. మోతీ కూడా చూసింది, సొరంగం మూతి దగ్గర ఆగి, ముందరికాలు ఒకటి గాలిలో ఉంచి. ఇంకా నమ్మకం కుదరలేదు దానికి, ఏడాది కావస్తున్నా నేను వంగితే రెండడుగులు వెనక్కి వేస్తుంది. చెప్పు విడిచాను. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కర్రను ఇరికించి, నిటారుగా నిలబడే, కాలితో లేపి ఇటుక మీదికి చేర్చాను. రెండుసార్లు జారింది, మూడోసారి నిలిచింది. మోతీ కాలు దించి సొరంగంలోకి దూరింది.